రష్యన్ రేవులో రొట్టె, ఉప్పు

దవడపన్ను పీకించుకున్న రోజున డిటెక్టివ్ పని పెట్టుకోకూడదని ఉదయలక్ష్మికి తెలుసు. కానీ పంటి డాక్టరు అపాయింట్‌మెంటు ఎప్పటిదో, కేసు మొన్నటిది. రెండూ ఒకే గురువారం మీద వచ్చి పడ్డాయి. పొద్దున పారమట్టాలో పొడిచిన సూది ఆమె ఎడమ బుగ్గనీ, కింది పెదవినీ, సగం నాలుకనీ నిద్రపుచ్చేసింది. హెలెన్స్‌బర్గ్ దాటి అడవిదారిలో సముద్రంవైపు దిగుతూ కారు అద్దంలో చూసుకుంటే, మొహంలో ఎడమ సగం ఎవరి దగ్గరో అద్దెకు తెచ్చుకున్నట్టుంది.

పక్క సీట్లో కూర్చున్న వైశాలికి ఏ సూదీ పొడవకుండానే ఒళ్లంతా అలాగే ఉంది.

ఆదివారం నాడు ఆమె భర్త రాధాకృష్ణ ఆమెతోనూ, ఇంకో ఇద్దరు తెలిసినవాళ్లతోనూ కలిసి గుళ్లో దర్శనం చేసుకుని, అక్కణ్నించి రష్యన్ రేవు చూడ్డానికొచ్చి, గైడు వెంట నడుస్తూ నడుస్తూ బండరాళ్ల మీద కూలిపోయాడు. రక్తంలో నాభి అనే వేరు తాలూకు విషం దొరికింది. ప్రాణం పోలేదు, తెలివీ రాలేదు. కూలిపోయే ముందు అతను తాగింది వైశాలి ఫ్లాస్కులోని కాఫీ. ఆ రాత్రి ఆమె ఇంటికెళ్లి ఆ ఫ్లాస్కును శుభ్రంగా తోమి బోర్లించింది. ఎందుకు తోమావని పోలీసులు అడిగితే, "సింకులో ఉంది కదా, తోమేశాను" అంది. అది చెప్పేటప్పుడూ ఏడవలేదు. తోమిన ఫ్లాస్కూ, తడవని కళ్లూ కలిసి ఆమె మెడకు చుట్టుకున్నాయి. ఆస్పత్రిలో భర్త గదిలోకి వెళ్లనివ్వడం లేదు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి లాయరును వెంటబెట్టుకుని స్టేషనుకు రమ్మన్నారు. లోపలికి వెళ్తే ఇప్పట్లో బయటికి రావడం ఉండదని లాయరే చెప్పాడు. ఐదేళ్ల తన్మయిని హైదరాబాదు తీసుకుపోవడానికి బావగారు రామ్మోహన్ రేపటి విమానానికి టికెట్టు కూడా కొనేశాడు.

"పాపకి చెప్పావా?" అని ఉదయలక్ష్మి అడిగింది. పెదవి కదలక 'పాప' అన్నమాట సగమే బయటికొచ్చింది.

"ఊదారంగు స్వెటర్ సర్దాను" అంది వైశాలి. "అక్కడ ఇప్పుడు ఎండలే అక్కా. అయినా సర్దాను."

వెనక సీట్లో శ్యామసుందరి ఆంటీ ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని ముక్కు చీదింది. రౌస్ హిల్ తెలుగువాళ్లందరికీ ఆమె పెద్దదిక్కు. ఆమె పాలకొల్లు వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆవకాయ దగ్గర్నించి మోకాళ్ల మందుదాకా సూట్‌కేసులో సగం ఊరు దిగేది. ఒకసారి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ కుక్క ఆ పెట్టె వాసన చూసి ఏకంగా ఏడు తుమ్ములు తుమ్మి, మర్నాడే రిటైర్‌మెంట్ తీసుకుందని కాలనీలో చెప్పుకునేవారు. కుక్క పేరు కూడా చెప్పేవారు.

"మా అబ్బాయి దీపక్ ఆఫీసుకి లీవు పెట్టి మరీ ఆస్పత్రిలోనే ఉన్నాడమ్మా" అంది ఆంటీ. "రాధాకృష్ణ దగ్గర మనవాళ్లొకరు ఉండాలి కదా."



రష్యన్ రేవంటే పెద్ద ఊరేం కాదు. ఎప్పుడో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన రష్యన్ వేటగాళ్లు, సముద్రపు సీల్ జంతువుల కోసం వచ్చినవాళ్లు, వెనక్కెళ్లే దారి లేక దుంగలతో కట్టుకున్న పల్లె. దుంగల గోడ, గేటు, ఒక చిన్న చర్చి, ఆవిరి స్నానాల గది, టీ గది, అవతల బండరాళ్లు, సముద్రం. గేటు దగ్గర వాళ్లకంటే ముందే ఆదర్శ్ నిలబడి ఉన్నాడు.

ఆదర్శ్ ఒకప్పుడు ఉదయలక్ష్మి ఆఫీసులో పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు సొంత ఏజెన్సీ పెట్టాడు. రామ్మోహన్ అతన్ని పెట్టుకున్నాడు. ఫ్లాస్కు సంగతి కనిపెట్టి పోలీసులకు చేరవేసింది అతనే.

"మేడమ్, అనవసరంగా పెట్రోలు తగలేసుకున్నారు. కేసు ఆల్రెడీ క్లోజ్."

"క్లోజైతే నువ్వెందుకొచ్చావు?"

"మీరేం ఓపెన్ చేస్తారో చూద్దామని. ఏంటి మేడమ్, మూతి అలా ఉంది?"

"పన్ను పీకించుకున్నాను. పుచ్చిందని. నిన్ను పీకినప్పటికంటే ఇదే కాస్త కష్టమైంది."

ఆదర్శ్ నవ్వాడు గానీ ఆ నవ్వు చెవులదాకా పోలేదు. "ఒక్క మాట చెప్పండి మేడమ్. మొగుడు వెంటిలేటర్ మీదుంటే గిన్నెలు తోముకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా?"

"నువ్వెప్పుడైనా గిన్నెలు తోమావా?"

"డిష్‌వాషర్ ఉంది."

"అందుకే నీకు తెలీదు" అని ఉదయలక్ష్మి గేటువైపు నడిచింది.

గైడు పేరు తమారా. ఆ వేటగాళ్ల మునిమనవరాలు. డెబ్బై దాటినా నిటారుగా ఉంటుంది. ఉదయలక్ష్మి ముందే ఫోన్‌లో చెప్పింది, ఆదివారం ఏం చేశావో, ఏం చెప్పావో ఒక్కటి కూడా వదలకుండా మళ్లీ చెయ్యమని. తమారా ఎర్ర కుట్టుపని ఉన్న తువ్వాలు మీద గుండ్రటి నల్ల రొట్టె, దానిమీద మూత ఉన్న చిన్న చెక్క ఉప్పుబరిణె పెట్టుకుని గేటులో నిలబడింది. ఇక్కడికి ఎవరొచ్చినా ముందు రొట్టె తుంచి, ఉప్పులో అద్దుకుని తినాలి. అది వాళ్ల మర్యాద. ఉప్పు కూడా తెల్లది కాదు. రొట్టె ముక్కలతో కలిపి మాడేదాకా కాల్చినది, బొగ్గుపొడిలా నల్లగా ఉంటుంది.

"ఎవరు ముందు తిన్నారు?" అని ఉదయలక్ష్మి ఇంగ్లీషులో అడిగింది.

"మొదట ఈ అమ్మాయి. తర్వాత దీపక్ అనే అబ్బాయి. తర్వాత ఈ పెద్దావిడ" అంది తమారా. "నాలుగో ఆయన కారు పెట్టి రావడం ఆలస్యమైంది. నేను రొట్టె, ఉప్పు ఉన్న తువ్వాలు ఈవిడకిచ్చి చర్చి తాళం తియ్యడానికి ముందుకెళ్లాను."

"నేను ఈవిడ వెంటే వెళ్లాను" అంది వైశాలి.

"దీపక్?"

"నా వెనకాలే ఉన్నాడనుకున్నా. చూడలేదక్కా."

"వెనకాలే వెళ్లాడమ్మా" అంది శ్యామసుందరి ఆంటీ వెంటనే. "ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నా. రాధాకృష్ణ వచ్చాడు, రొట్టె తుంచుకున్నాడు. ఉప్పు బరిణె నా చేత్తోనే అతని చేతిలో పెట్టాను. తిన్నాడు. మిగిలిన రొట్టె ఆ గట్టుమీద పెట్టేసి ఇద్దరం కలిసే నడిచాం."

"నేనే రాధాకృష్ణననుకోండి ఆంటీ. అలాగే ఇవ్వండి."

ఆంటీ బరిణె తీసి ఉదయలక్ష్మి అరచేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు చేతిని చూడలేదు, సముద్రాన్ని చూసింది. బరిణె మూత సన్నగా గలగలలాడింది.

"అయింది కదా" అన్నాడు ఆదర్శ్. "నలుగురూ ఒకే ఉప్పు తిన్నారు. ముగ్గురు దుక్కల్లా ఉన్నారు. మధ్యలో ఇంకో చెయ్యి పడలేదు. ఉప్పుని వదిలెయ్యండి మేడమ్."

మిగిలిన ఉప్పు ఏం చేశావని ఉదయలక్ష్మి అడిగింది. వచ్చినవాళ్లు వెళ్లగానే పొయ్యిలో వేసేస్తానంది తమారా. ఒకరికి పెట్టిన ఉప్పు మరొకరికి పెట్టకూడదట.

నడక మొదలైంది. చర్చిలో తమారా ఆదివారం చెప్పిన కథే అప్పజెప్పింది. గంటను రష్యానించి తెస్తుంటే ఓడతోపాటు మునిగిపోయిందనీ, పోటు వచ్చినప్పుడల్లా నీళ్ల అడుగున ఇప్పటికీ మోగుతుందనీ, ఆ మోతకి చేపలు బారులు తీరి నిలబడతాయనీ, వాళ్ల తాతయ్య వాటిని బుట్టతో ఎత్తుకునేవాడే తప్ప ఏనాడూ వల వెయ్యలేదనీ. ఇంకోసారైతే ఉదయలక్ష్మి ఆ చేపల వయసెంతో, ప్రార్థన అయ్యేదాకా ఆగేవో లేదో అడిగేది. ఇవాళ ఆమెకు నవ్వూ రాలేదు, విసుగూ రాలేదు. తడి గుడ్డలోంచి వింటున్నట్టుంది. వైశాలి చర్చి గోడకానుకుని నిలబడింది. ఆదివారం సరిగ్గా ఇక్కడే నిలబడ్డానని ఎవరూ అడక్కుండానే చెప్పింది.

"వెనక ఎవరొచ్చారు?"

"ముందు ఆంటీ వచ్చారు. తర్వాత మా ఆయన."

"ఇద్దరూ కలిసి రాలేదా?"

"ఏమో అక్కా. చర్చిలో చీకటిగా ఉంది."

ఆంటీ చీర కుచ్చెళ్లు సర్దుకుంది.

ఆవిరి స్నానాల గది చూశాక టీ గది. సమోవారులో, అదే రష్యన్ల ఇత్తడి టీ కాగులో, నీళ్లు కళపెళ కాగుతున్నాయి. తమారా గాజు గ్లాసుల్లో టీ పోసింది. ఆదర్శ్ గ్లాసు పట్టుకోలేక చొక్కా అంచుతో పట్టుకున్నాడు. ఉదయలక్ష్మి ఆలోచనలో ఉండి గ్లాసెత్తి గటగటా రెండు గుక్కలు తాగింది. గడ్డం మీదుగా కారుతున్న టీని వైశాలి టిష్యూ ఇచ్చేదాకా ఆమె కనిపెట్టలేదు.

తమారా కెటిల్ అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"నీకు కాలలేదా?"

"సూది వేశారు. నోరు నాది కాదు ఇవాళ."

"అతనూ ఇలాగే తాగాడు" అంది తమారా మెల్లగా. "మిగిలిన ముగ్గురూ ఊదుకుంటున్నారు. అతను మాత్రం నీళ్లు తాగినట్టు తాగేశాడు. చల్లారిపోయిందేమో, మార్చి ఇస్తానన్నాను. కాదు, చలిగాలికేమో పెదాలు తిమ్మిరెక్కాయి అన్నాడు."

ఉదయలక్ష్మి గ్లాసు కింద పెట్టింది. "పోలీసులకి ఈ మాట చెప్పలేదేం?"

"ఏం తాగాడు అని అడిగారు. చెప్పాను. ఎలా తాగాడని ఎవరూ అడగలేదు."

"వైశాలీ, ఫ్లాస్కు ఎక్కడ తెరిచావు?"

"ఇక్కడ కాదు. బండల దగ్గరికెళ్లాక."

ఉదయలక్ష్మి ఆదర్శ్‌వైపు తిరిగింది. అతను అప్పటికే ఫోన్‌లోకి చూస్తున్నాడు, అందులో ఏదో సాయం దొరుకుతుందన్నట్టు.

"నాభి ముందు పెదాలనీ నాలుకనీ మొద్దుబారుస్తుంది. టీ మొదటి గుక్కకే అతనికి వేడి తెలీలేదు. అంటే ఈ గదిలోకి రాకముందే విషం ఎక్కుతోంది. అప్పటికి నువ్వు కనిపెట్టిన ఆ ఫ్లాస్కు మూతే తియ్యలేదు. ఆ కాఫీలో పంచదార తప్ప ఏమీ లేదు ఆదర్శ్."

"గుళ్లో ప్రసాదం తిని ఉండొచ్చు."

"ప్రసాదం అందరూ తిన్నారు, పైగా దానికీ దీనికీ మధ్య చాలా టైముంది. ఇది తొందరగా పట్టుకునే విషం. మధ్యలో అతని నోట్లో పడింది రొట్టె, ఉప్పు."

"సరే, ఉప్పే అనుకుందాం" అని ఆదర్శ్ గొంతు పెంచాడు. "అయితే గైడైనా అయ్యుండాలి, ఆంటీ అయినా అయ్యుండాలి. ఎవరో చెప్పండి, ఇప్పుడే ఇన్‌స్పెక్టర్‌కి మెసేజ్ పెడతాను."

"నీకు ఎవరో ఒకరు దొరికితే చాలా?"

"మీకు ఎవరూ దొరక్కపోయినా పర్లేదా? మూడింటికి ఇంకా ఎంతసేపుంది మేడమ్? అతను వేడి టీని నీళ్లలా తాగాడన్న సంగతి విని పోలీసులు వారెంటు చింపేస్తారనుకుంటున్నారా?"

అది నిజమే. ఒక ముసలావిడ జ్ఞాపకం పోలీసుల తక్కెడలో ఎంత తూగుతుందో విశాఖపట్నంలో పదేళ్లు ఎస్సైగా చేసిన ఉదయలక్ష్మికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె వైశాలిని చూసింది. వైశాలి టీ గ్లాసులోకి చూస్తోంది. విషం కాఫీలో లేదన్న మాట ఆమెను ఇంకా చేరలేదు. చేరినా లోపల అందుకునేవాళ్లెవరూ ఉన్నట్టు లేరు.

"ఆకలేస్తోంది ఆంటీ" అంది ఉదయలక్ష్మి. "ఏం తెచ్చారు?"

ఆదర్శ్ టైము చూసుకున్నాడు.

ఎవరి ప్రాణమ్మీదికి వచ్చినా శ్యామసుందరి ఆంటీ చేతులకు అన్నం వడ్డించే పని దొరికితే చాలు, కుదుటపడేవి. క్యారియర్ విప్పి కాగితప్పళ్లేల్లో పెరుగన్నం పెట్టింది. అంచుకి మాగాయ ముక్క వేసింది. తమారాకి కూడా పెట్టి, ఇది మా రష్యన్ సలాడ్ అంది. నాలుగు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

ఉదయలక్ష్మి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. "ఉప్పు తక్కువైంది ఆంటీ."

"అయ్యో, కలిపానే. ఉండమ్మా" అని ఆంటీ క్యారియర్ అడుగు గిన్నెలోంచి చిన్న ఉప్పు డబ్బీ తీసింది. ఉదయలక్ష్మి చెయ్యి చాపింది. ఆంటీ ఆ చేతిని దాటించి డబ్బీని బల్లమీద పెట్టి, ముందుకు జరిపింది.

"చేతికివ్వండి ఆంటీ."

"చేతికివ్వకూడదమ్మా. గొడవలొస్తాయి. నువ్వే తీ..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆమె వేళ్లు డబ్బీ మీదే ఉన్నాయి.

ఉదయలక్ష్మి డబ్బీ తీసుకోలేదు. "మీరు నలభై ఏళ్లుగా ఎంతమందికి వడ్డించి ఉంటారు? ఎవరి చేతికైనా ఉప్పిచ్చారా? ఇందాక గేటు దగ్గర నా చేతిలో పెట్టినప్పుడు మీ మొహం చూశాను. నిప్పు పెడుతున్నట్టు పెట్టారు. ఆదివారం మీరు రాధాకృష్ణ చేతిలో ఉప్పు పెట్టలేదు. గట్టుమీద పెట్టారు. గట్టుమీంచి ఎవరు తీశారు?"

ఆదర్శ్ ఏదో అనబోయాడు. ఉదయలక్ష్మి చెయ్యెత్తింది. అతను ఆగాడు. పాత అలవాటు.

 పెరుగన్నం మీద ఈగ వాలింది. ఆంటీ దాన్ని తోలి, క్యారియర్ మూత చేతిలోకి తీసుకుంది.

"నేను గట్టుమీద పెట్టి, చెప్పులో ఇసుక దులుపుకుంటున్నానమ్మా" అంది చివరికి. "దీపక్ వెనక్కొచ్చాడు. నువ్వెళ్లమ్మా, రాధాకి నేనిస్తాలే అన్నాడు. పెద్దదాన్ని కదా, నేనెందుకు నిలబడ్డం అని వెళ్లాను. అంతే. దేవుడి సాక్షిగా అంతే చూశాను."

"ఇంటికెళ్లాక ఏం చూశారు?"

"మోకాళ్లకి పైపూత వేసుకునే నాభిపొడి. ఊర్నించి తెచ్చుకున్నా. డబ్బా సగం ఖాళీ అయింది. నేను ఇంకా విప్పను కూడా లేదు."

"ఎందుకు చేశాడు ఆంటీ?" అంది వైశాలి. అడిగింది తనే అని ఆమెకే నమ్మకం లేనట్టుంది.

"పోయిన నెల మెట్రో స్టేషన్ దగ్గర సైకిలు మీద పోతున్న ముసలాయన్ని కారు గుద్ది వెళ్లిపోయిందని పేపర్లో వచ్చింది చూడు. ఆ కారు వీడిది. పక్కన మీ ఆయన ఉన్నాడు. ఆ ముసలాయన శనివారం చచ్చిపోయాడట. రాధాకృష్ణ మా గరాజులో వాడితో అన్నాడు, నాకు నిద్ర పట్టట్లేదురా, సోమవారం వెళ్లి చెప్పేస్తాను, నువ్వూ రా అని. నేను వంటింట్లోంచి విన్నాను. వాడు ఏడ్చాడు. కాళ్లు పట్టుకున్నాడు." ఆమె వైశాలి మొహంలోకి చూడలేకపోయింది. "నిన్ను తీసుకుపోతారని తెలిసీ నోరు మూసుకున్నాను. నీకు బెయిలొస్తుందిలే, నీకు చదువుంది, లాయరున్నాడు అనుకున్నాను. వాడికి నేను తప్ప ఎవరూ లేరు."

వైశాలి కదల్లేదు. ఉదయలక్ష్మి టిష్యూతో మూతి తుడుచుకుంటే ఎర్రగా అంటింది. ఎప్పటినించి పెదవి కొరుక్కుంటోందో ఆమెకే తెలీదు. కేసు తేలినప్పుడు గుండె కొట్టుకోవాలి. అదీ మొద్దుబారే ఉంది. తల మాత్రం పనిచేస్తోంది. ఆ తలలో ఒకే ఒక్క ప్రశ్న లేచి నిలబడింది.

"ఆంటీ. ఇప్పుడు రాధాకృష్ణ గదిలో ఎవరున్నారు?"

ఆంటీ చేతిలోని మూత నేలమీద పడింది.

ఆదర్శ్ అప్పటికే లేచాడు. "మై గాడ్. భార్యని వెళ్లనివ్వొద్దని నేనే రాయించాను. ఫ్రెండ్ ఉంటాడని కూడా నేనే..."

"తర్వాత బాధపడు. ఆస్పత్రికి ఫోన్ కలుపు. ఆంటీ, మీరు మీ అబ్బాయికి చెయ్యండి. ఏమీ తెలీనట్టే మాట్లాడండి."

ఆంటీ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. రెండో రింగుకే ఎత్తాడు.

"అమ్మా." గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "హి ఈజ్ అవేక్. కళ్లు తెరిచాడు. నన్నే చూస్తున్నాడు."

"మాట్లాడుతున్నాడా నాన్నా?"

"లేదు. జస్ట్ చూస్తున్నాడు."

"నర్సుని పిలిచావా?"

"ఇంకా పిలవలేదమ్మా."

ఆదర్శ్ కలిపిచ్చిన ఫోన్‌లో ఆస్పత్రి ఆపరేటర్ పలికింది. ఉదయలక్ష్మి పేషెంటు పేరు చెప్పింది. ఆమె నోట్లోంచి వచ్చింది పేరు కాదు, ముద్ద. సారీ, మళ్లీ చెప్పండి అంది ఆపరేటర్. మళ్లీ చెప్పింది. ఇంకా పెద్ద ముద్ద వచ్చింది. మేడమ్, మీరు తాగి ఉన్నారా అని ఆపరేటర్ అడుగుతుండగా ఒక చెయ్యి వచ్చి ఆ ఫోన్ లాక్కుంది.

"నేను రాధాకృష్ణ భార్యని" అంది వైశాలి ఇంగ్లీషులో. అంత గట్టిగా ఆమె మాట్లాడటం అక్కడున్నవాళ్లెవరూ వినలేదు. "ఆయన గదిలో ఉన్న మనిషి ఆయన్ని చంపడానికి చూశాడు. ఇప్పుడు, ఈ నిమిషంలో, సెక్యూరిటీని పంపండి. నన్ను తర్వాత అరెస్ట్ చేసుకోండి. ముందు పరిగెత్తమనండి."

కలుపుతున్నాను, లైన్లో ఉండండి అంది ఆపరేటర్. సంగీతం మొదలైంది.

శ్యామసుందరి ఆంటీ ఫోన్‌ను రెండు చేతులతో నోటికి దగ్గరగా పట్టుకుంది. ఆమె మొహంలో రక్తం లేదు, గొంతు మాత్రం అన్నానికి పిలుస్తున్నట్టు మామూలుగా ఉంది.

"నాన్నా, సరిగ్గా వినపడట్లేదురా. బయటికొచ్చి మాట్లాడు. కారిడార్లోకి రా. అమ్మతో మాట్లాడుతూ ఉండు."

"ఎవరున్నారమ్మా అక్కడ?"

"ఎవరున్నారు, నేనే."

అవతల చాలాసేపు ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. ఆ తర్వాత అడుగుల చప్పుడు. ఆ తర్వాత తలుపు మూసుకున్న చప్పుడు, మెత్తగా, ఎవరో వెనక్కి చెయ్యి పెట్టి జాగ్రత్తగా మూసినట్టు.

ఆంటీ కళ్లు మూసుకుంది.

"దీపూ" అంది. "తలుపుకి ఏ పక్కనున్నావురా?"